వెతికే ఫోల్డర్ల జాబితాలో ఒకదాని లోపల ఒకటి ఉన్నవి తీసేయడం ఎలా? (బాష్ స్క్రిప్ట్)

లంకగాలి · అమలాపురం

అందరికీ నమస్కారమండి. మా ఊరి గ్రంథాలయం తరఫున పాత ఫోటోలు, గోదావరి నీటిమట్టాలు రాసుకున్న నోటు పుస్తకాలు, కాలువలు మూసేటప్పుడు ఇచ్చిన నోటీసులు స్కాన్ చేసి ఒక లైనక్స్ మెషీన్‌లో పెడుతున్నాం. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను ఫోటోలు జనం బీరువాల్లోంచి తీసి మరీ ఇస్తున్నారు. వీటిలో చాలావాటికి ఇంకో కాపీ ఎక్కడా లేదు.

అన్నీ /నిధి అనే ఫోల్డర్ కింద ఉంటాయి. దాని కింద తూర్పుడెల్టా, మధ్యడెల్టా, పశ్చిమడెల్టా. వాటి కింద ఊళ్ళు. రాత్రిపూట ఒక స్క్రిప్ట్ నడుస్తుంది. ఏయే ఫోల్డర్లలో వెతకాలో ఒక టెక్స్ట్ ఫైల్‌లో వరుసకొకటి రాసి ఉంటుంది. స్క్రిప్ట్ వాటిని ఫైండ్ కమాండ్‌కి ఇచ్చి, దొరికిన ప్రతి స్కాన్‌నీ టెసెరాక్ట్‌తో తెలుగు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చడం) చేయించి ఇండెక్స్‌లో చేరుస్తుంది. ఆ టెక్స్ట్ ఫైల్‌లో స్కాన్ చేసేవాళ్ళందరూ ఎవరి వరుసలు వాళ్ళు చేర్చుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఇలా తయారైంది:

/నిధి/మధ్యడెల్టా
/నిధి/మధ్యడెల్టా/మోరి
/నిధి/పశ్చిమడెల్టా/భీమవరం
/నిధి/మధ్యడెల్టా/అంతర్వేది/1996-తుఫాను
/నిధి/పశ్చిమడెల్టా/భీమవరం/
/నిధి/తూర్పుడెల్టా/కోటిపల్లి

మధ్యడెల్టా మొత్తం ఎలాగూ వెతుకుతున్నప్పుడు దాని కిందున్న మోరి, అంతర్వేది మళ్ళీ విడిగా అక్కర్లేదు కదండీ. ఇప్పుడు ఒక్కో స్కాన్ రెండేసి సార్లు ఓసీఆర్ అవుతోంది, తెల్లారేసరికి పని పూర్తవడం లేదు. చివర్లో డూప్లికేట్లు తీసేస్తే ఇండెక్స్ బాగుపడుతుంది గానీ వృథా అయిన టైమ్ తిరిగి రాదు. అందుకే జాబితాలోనే తీసేయాలి. ఇంకో చిత్రం, అవే ఫోల్డర్లన్నీ ఇచ్చి డీయూ కమాండ్‌తో సైజు చూస్తే లెక్క సరిగ్గానే వస్తోంది. ఫైండ్ ఇచ్చే ఫైళ్ళ లెక్క మాత్రం ఎక్కువ. ఎందుకంటారు?

కాలువగట్టు · భీమవరం

డీయూ సంగతి ముందు చెప్తాను. గ్నూ డీయూ ఒకసారి లెక్కపెట్టిన ఫైల్‌ని అదే రన్‌లో మళ్ళీ లెక్కపెట్టదు. పై ఫోల్డర్, దాని లోపలి ఫోల్డర్ రెండూ ఇచ్చినా సైజు ఒక్కసారే కలుస్తుంది. ఫైండ్ అలా కాదు, ఎన్ని మొదళ్ళు ఇస్తే ప్రతిదాని నుంచీ కిందికి దిగుతుంది. అందుకే డీయూ లెక్క చూసి జాబితా బాగానే ఉందనుకోకూడదు.

ఇక తీసేయడం. జాబితాని సార్ట్ చేయండి. పై ఫోల్డర్ ముందొస్తుంది, దాని పిల్లలు వెనక వస్తాయి. చివరగా ఉంచిన వరుస ఏదో గుర్తుపెట్టుకోండి. కొత్త వరుస ఆ వరుసతోనే మొదలైతే వదిలేయండి, లేకపోతే ఉంచి దాన్నే గుర్తుపెట్టుకోండి. ఆక్ అనే టెక్స్ట్ టూల్‌లో ఒక్క వరుసలో అయిపోతుంది: ఇండెక్స్ ఫంక్షన్ 1 ఇస్తే ఆ వరుస పాతదానితో మొదలైనట్టే.

రేవుదాటి · నరసాపురం

ఆ పద్ధతి అలాగే వాడితే లంకగాలి గారి ఫోటోలు కొన్ని పోతాయండి. సఖినేటిపల్లి మండలంలో మోరి ఉంది, మోరిపోడు ఉంది. రెండూ వేరే ఊళ్ళు. జాబితాలో ఈ రెండు ఫోల్డర్లే ఉంటే, /నిధి/మధ్యడెల్టా/మోరిపోడు అనేది /నిధి/మధ్యడెల్టా/మోరి తోనే మొదలవుతుంది. మోరిపోడు జాబితాలోంచి లేచిపోతుంది. అంతర్వేది, అంతర్వేదిపాలెం సంగతీ అంతే.

తెలుగులో ఇది కంటికి కనపడకుండా కూడా జరుగుతుంది. కోట అని ఒక ఫోల్డర్ ఉందనుకోండి, పక్కన కోటిపల్లి ఉంది. చదివేవాళ్ళకి ట వేరు, టి వేరు. యూనికోడ్‌లో మాత్రం టి అంటే ట తర్వాత గుడి ఒక విడి అక్షరంగా వస్తుంది. కాబట్టి కంప్యూటర్‌కి కోటిపల్లి కూడా కోటతో మొదలయ్యేదే.

మందు చిన్నదే. ప్రతి వరుస చివరా ఒక స్లాష్ ఉండేలా చూసి, అప్పుడు పోల్చండి. మోరి/ తో మోరిపోడు/ మొదలవదు. మోరి/ తో మోరి/పాతఫోటోలు/ మొదలవుతుంది. భీమవరం, భీమవరం/ అని రెండుసార్లు ఉన్నవి కూడా అప్పుడు ఒకటే అవుతాయి.

కాలువగట్టు · భీమవరం

నిజమేనండి, మోరి-మోరిపోడు కన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఆ స్లాష్ ఎప్పుడు చేర్చాలన్నది కూడా చెప్పాలి: సార్ట్ చేశాక కాదు, చేయకముందే.

కారణం ఇదీ. స్లాష్ బైట్ విలువ 47. దానికన్నా చిన్నవి కొన్ని ఉన్నాయి: స్పేస్ 32, హైఫన్ 45, చుక్క 46. స్లాష్ లేకుండా సార్ట్ చేస్తే ఈ మూడూ ఇలా వస్తాయి:

/నిధి/ముమ్మిడివరం
/నిధి/ముమ్మిడివరం-పాతవి
/నిధి/ముమ్మిడివరం/1986-వరద

మధ్యలో హైఫన్ ఉన్న ఫోల్డర్ దూరింది. మనం గుర్తుపెట్టుకునేది చివరగా ఉంచినదాన్నే కాబట్టి, మూడో వరుసని రెండోదానితో పోలుస్తాం. సంబంధం లేదని ఉంచేస్తాం. తీసేయాల్సింది మిగిలిపోతుంది. ముందే స్లాష్ చేర్చి సార్ట్ చేస్తే ముమ్మిడివరం-పాతవి/ ముందుకు పోతుంది, ముమ్మిడివరం/ వెనకే దాని పిల్లలన్నీ విడిపోకుండా వస్తాయి. అండర్‌స్కోర్ విలువ 95, స్లాష్ కన్నా పెద్దది. అందుకే అండర్‌స్కోర్ పేర్లతో పరీక్షించినవాళ్ళకి ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు.

ఇంకొకటి, సార్ట్ చేసేటప్పుడు ఎల్‌సీ_ఆల్ విలువ సి అని పెట్టాలి. లేకపోతే సార్ట్ మెషీన్ భాష సెట్టింగ్ ప్రకారం వరుస పెడుతుంది, అక్కడ హైఫన్‌కీ స్లాష్‌కీ ఇచ్చే స్థానం వేరు. సి అని పెడితే ఉత్త బైట్ల వరుస. తెలుగు పేర్లతో దీనికి ఇబ్బంది లేదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరం మూడు బైట్లు తీసుకుంటుంది గానీ ఆ మూడింటిలో 47 ఎప్పుడూ రాదు. స్లాష్ కనపడితే అది స్లాషే.

అరటితోట · రావులపాలెం

నేను ఇలాంటి పని గ్రెప్‌తో చేస్తుంటాను. పై ఫోల్డర్ పేరుకి ముందు టోపీ గుర్తు పెట్టి, దానితో మొదలయ్యే వరుసలన్నీ తీసేయడం. చదవడానికి తేలిక. ఇందులో ఏమైనా ఇబ్బంది ఉందా?

రేవుదాటి · నరసాపురం

ఉందండి. గ్రెప్ ఆ పేరుని రెజెక్స్‌గా, అంటే కొన్ని గుర్తులకి ప్రత్యేక అర్థాలున్న నమూనాగా, చదువుతుంది. మన దగ్గర ఐ.పోలవరం, పి.గన్నవరం లాంటి పేర్లు ఎక్కువ. రెజెక్స్‌లో చుక్క అంటే ఏ అక్షరమైనా కావచ్చని. ఐ-పోలవరం అని ఎవరో వేరే ఫోల్డర్ చేసి ఉంటే అదీ పోతుంది. పేరులో చదరపు బ్రాకెట్ ఉంటే ఇంకా కష్టం. ఆక్ ఇండెక్స్ ఫంక్షన్ అక్షరాన్ని అక్షరంగానే చూస్తుంది కాబట్టి అదే వాడండి. బాష్ కేస్‌తో పోల్చినా పర్వాలేదు, కానీ పై ఫోల్డర్ వేరియబుల్‌ని కోట్స్‌లో పెట్టి నక్షత్రం గుర్తుని కోట్స్ బయట ఉంచాలి.

ధవళేశ్వరం లాకులు · నిర్వాహకులు

మంచి చర్చ. కొంచెం వెనక్కి వెళ్ళి ఒక మాట చెప్తాను, ఎందుకంటే ఈ పేజీని తర్వాత వేరే అవసరం మీద వెతుక్కుంటూ వచ్చేవాళ్ళుంటారు.

లోపలి ఫోల్డర్ అనవసరం అని ఎప్పుడంటాం? పై ఫోల్డర్ నుంచి మొదలుపెట్టినవాడు దాని అడుగు దాకా దిగుతాడన్న నమ్మకం ఉన్నప్పుడే. ఫైండ్ దిగుతుంది. కానీ వెతికే జాబితాలన్నీ అలాంటివి కావు. షెల్ కమాండ్ల కోసం చూసే పాత్ వేరియబుల్‌నే తీసుకోండి. అందులో ఒక ఫోల్డర్ ఉంటే షెల్ ఆ ఒక్క ఫోల్డర్‌లోనే చూస్తుంది, కింద ఫోల్డర్లలోకి దిగదు. హోమ్ ఫోల్డర్ కింద స్క్రిప్ట్‌లు, దాని కింద ఓసీఆర్ అని రెండూ పాత్‌లో ఉంటే ఆ రెండూ కావాల్సినవే. మనం ఇక్కడ రాసుకుంటున్న స్క్రిప్ట్‌ని తీసుకెళ్ళి పాత్ మీద నడిపితే కొన్ని కమాండ్లు మాయమవుతాయి. పైథాన్ మాడ్యూళ్ళు వెతికే జాబితా, సి కంపైలర్ హెడర్లు వెతికే జాబితా కూడా ఇలాంటివే. వాటిలో అచ్చంగా అదే ఫోల్డర్ రెండోసారి వస్తే రెండోదాన్ని తీయొచ్చు, అంతవరకే.

పైగా అక్కడ ఏది ముందు, ఏది వెనక అన్న వరుస ముఖ్యం. ముందున్న ఫోల్డర్‌లో దొరికినదే నడుస్తుంది. సార్ట్ చేస్తే ఆ వరుస చెదిరిపోతుంది. లంకగాలి గారూ, మీ ఇండెక్స్‌కి వరుసతో పనుందా?

లంకగాలి · అమలాపురం

ఉందండి. తుఫాను ఫోటోలు ముందు అయిపోవాలని కొందరు వాటిని పైన రాశారు. రాత్రి కరెంటు పోయినా ముఖ్యమైనవి ముందు అయిపోతాయని. సార్ట్ వల్ల అది పోతే కొంచెం బాధే.

పూతరేకు · ఆత్రేయపురం

నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను, పైథాన్‌లో ఇలా చేస్తాను. సార్ట్ అక్కర్లేదు, వరుస మారదు.

జాబితా మొత్తాన్నీ ముందు ఒక సెట్‌లో వేస్తాను. తర్వాత ఒక్కో దారిని తీసుకుని దాని పై ఫోల్డర్, ఆ పై ఫోల్డర్, ఇలా మొదటి స్లాష్ దాకా ఎక్కుతూ పోతాను. ఎక్కేటప్పుడు ఏదో ఒకటి సెట్‌లో కనపడితే ఈ దారి అనవసరం. ఒక్కటీ కనపడకపోతే ఉంచాలి. పాత్‌లిబ్‌లో పేరెంట్స్ అని అడిగితే పైనున్నవన్నీ ఇస్తుంది. ఫోల్డర్ పేరు మొత్తంగా పోలుస్తాం కాబట్టి మోరి-మోరిపోడు గొడవ రాదు, స్లాష్ ముందా వెనకా అన్న ఆలోచనా అక్కర్లేదు. జాబితా ఎంత పెద్దదైనా ఒక్కో దారికి దాని లోతు ఎంతో అన్ని చూపులే.

పైథాన్‌లో కామన్‌ప్రిఫిక్స్ అనే ఫంక్షన్ ఉంది, దాన్ని మాత్రం వాడకండి. అది అక్షరాలవారీగా చూస్తుంది, మోరి-మోరిపోడు దగ్గర పడిపోతుంది. 3.5 నుంచి వచ్చిన కామన్‌పాత్ ఫోల్డర్లవారీగా చూస్తుంది. 3.9 నుంచి పాత్‌లిబ్‌లో ఈజ్_రిలేటివ్_టు కూడా ఉంది.

కాలువగట్టు · భీమవరం

చాలా బాగుంది తమ్ముడూ. ఇదే బాష్‌లో కావాలన్నా వస్తుంది. బాష్ 4 నుంచి అసోసియేటివ్ అర్రేలున్నాయి, అదే సెట్. చివరి స్లాష్ నుంచి వెనకున్నది కత్తిరిస్తూ పోతే పైకి ఎక్కినట్టే. ఖాళీ మిగిలితే మొదటి స్లాష్ దాకా వచ్చామని అర్థం. జాబితాలో ఒంటరిగా స్లాష్ ఒక్కటే ఉందేమో అక్కడ చూసుకోవాలి, అది ఉంటే మిగతావన్నీ దాని కిందివే. నా సార్ట్ పద్ధతిలోనూ ఈ ఒక్కదాన్ని విడిగా చూడాలి, లేకపోతే దానికి ఇంకో స్లాష్ చేరి రెండు స్లాషులై దేనితోనూ కలవదు.

వరుస కావాలన్నారు కాబట్టి లంకగాలి గారికి ఈ ఎక్కే పద్ధతే సరైనదని నా అభిప్రాయం. ఒక్క సంగతి గమనించండి: పైన రాసిన తుఫాను ఫోల్డర్ కిందెక్కడో ఉన్న మధ్యడెల్టా వల్ల ఎగిరిపోతే, దానికున్న ముందు స్థానం కూడా దానితోనే పోతుంది. తుఫానువి ముందు కావాలంటే ఓసీఆర్ అయిపోయిన ఫైళ్ళని గుర్తుపెట్టుకుని రెండోసారి వదిలేసేలా స్క్రిప్ట్ మార్చాలి. ముందు చేయాల్సినవాటి కోసం, మొత్తం వెతకడం కోసం రెండు జాబితాలు పెట్టుకోవడం ఇంకా శుభ్రం.

లంకగాలి · అమలాపురం

రెండు జాబితాలు చేస్తానండి, అది నచ్చింది.

ఇక్కడ ఇంకో చిక్కు చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక కొత్త జిల్లా పేరుతో వెతికేవాళ్ళ కోసం /నిధి/కొత్తజిల్లాలు అని ఒకటి పెట్టాం. అందులో కోనసీమ అనే పేరుతో ఉన్నది ఫోల్డర్ కాదు, /నిధి/మధ్యడెల్టాకి సిమ్‌లింక్, అంటే ఆ ఫోల్డర్‌ని చూపించే గుర్తు మాత్రమే. జాబితాలో /నిధి/కొత్తజిల్లాలు/కోనసీమ/అంతర్వేది అని కూడా ఒక వరుస ఉంది. పేరు చూస్తే మధ్యడెల్టాకీ దీనికీ సంబంధమే కనపడదు. నిజానికి లోపలిదే.

కాలువగట్టు · భీమవరం

అయితే పోల్చడానికి ముందే ప్రతి వరుసనీ రియల్‌పాత్ కమాండ్‌కి ఇవ్వండి. లింకులన్నీ విప్పి అసలు చోటు చెప్తుంది. అదనపు స్లాషులు, రెండు చుక్కలు కూడా సర్దేస్తుంది. ఇ ఆప్షన్ పెడితే లేని ఫోల్డర్‌కి ఎర్రర్ ఇస్తుంది. మీ పనికి అదే కావాలి, తప్పు పేరు రాసిన వరుస నిశ్శబ్దంగా పోకూడదు.

రెండు చుక్కల్ని మనమే చేత్తో కత్తిరించడం వద్దు. కొత్తజిల్లాలు/కోనసీమ/.. అంటే రాతలో కొత్తజిల్లాలు అనిపిస్తుంది. కోనసీమ లింక్ కాబట్టి సిస్టమ్ ముందు మధ్యడెల్టాలోకి వెళ్ళి, అక్కడి నుంచి పైకెక్కి /నిధి దగ్గర తేలుతుంది.

లింకుల వల్ల దీనికి సరిగ్గా తిరగబడ్డ ప్రమాదం ఇంకొకటి ఉంది, నాకు దాని గురించే ఎక్కువ భయం. ఒక వరుస మధ్యడెల్టా కింద ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ అది వేరే చోటికి లింక్. ఫైండ్ మామూలుగా దారిలో తగిలిన లింకుల వెంట వెళ్ళదు. కాబట్టి మధ్యడెల్టా నుంచి దిగితే ఆ ఫోటోలు దొరకవు. పేరు చూసి లోపలిదే అని ఆ వరుస తీసేస్తే అవి ఇండెక్స్‌కి ఎప్పటికీ అందవు. ముందు రియల్‌పాత్ చేసి తర్వాత పోలిస్తే అసలు చోటు బయటిదని తేలుతుంది, వరుస నిలుస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది: చివర స్లాష్ లేని లింక్‌ని నేరుగా ఫైండ్‌కి ఇస్తే లోపలికి దిగకుండా లింక్ పేరొక్కటే చెప్పి ఊరుకుంటుంది. అసలు చోటు ఇస్తే ఆ బాధ ఉండదు.

పూతరేకూ, పాత్‌లిబ్ పేరెంట్స్ డిస్క్‌ని ముట్టుకోదు, రాతని మాత్రమే చూస్తుంది. కాబట్టి నువ్వు కూడా ముందు రిజాల్వ్ పిలవాలి.

పూతరేకు · ఆత్రేయపురం

అవునన్నా, స్ట్రిక్ట్ ఆప్షన్ పెట్టి రిజాల్వ్ పిలుస్తాను. లేని ఫోల్డర్ అయితే ఎర్రర్ వస్తుంది.

రేవుదాటి · నరసాపురం

లంకగాలి గారూ, మీ స్క్రిప్ట్‌లో ఫైండ్‌కి ఎక్స్‌డెవ్ ఆప్షన్ గానీ ఉందా?

లంకగాలి · అమలాపురం

ఉందండి. స్కాన్ చేసేవాళ్ళు పెన్ డ్రైవులు పెడుతుంటారు, స్క్రిప్ట్ వాటిలోకి పోకూడదని పెట్టాం. పెద్ద స్కాన్ల కోసం రెండో హార్డ్ డిస్క్ కూడా ఉంది, దాన్ని /నిధి/మధ్యడెల్టా/నగరం దగ్గర మౌంట్ చేశాం.

రేవుదాటి · నరసాపురం

అయితే జాబితాలో నగరం అనే వరుస ఉంటే దాన్ని తీయకూడదు. నగరం లంకకి నీళ్ళు వైనతేయ మీదుగా గన్నవరం అక్విడక్ట్ దాటి వెళ్తాయి. నది దాటొద్దు అంటే ఆ లంకకి చుక్క అందదు. ఎక్స్‌డెవ్ అనేది ఫైండ్‌తో ఆ మాటే చెప్తుంది: మొదలుపెట్టిన డిస్క్ దాటొద్దు అని. మధ్యడెల్టా నుంచి దిగిన ఫైండ్ నగరం ముంగిట ఆగిపోతుంది. రియల్‌పాత్ చేసినా మౌంట్ సంగతి తెలియదు, దారి మధ్యడెల్టా కిందిదే అని చెప్తుంది, అది అబద్ధమూ కాదు.

కాబట్టి పై ఫోల్డర్ కనపడగానే వదిలేయకుండా ఇంకో ప్రశ్న వేయాలి. స్టాట్ కమాండ్‌తో రెండింటి డివైస్ నంబర్లూ (ఏ డిస్క్ మీద ఉన్నాయో చెప్పే సంఖ్యలు) అడగండి. ఒకటే అయితే తీయొచ్చు. వేరైతే ఉంచాలి. ఎక్స్‌డెవ్ లేనివాళ్ళకి ఈ పరీక్ష అక్కర్లేదు.

ధవళేశ్వరం లాకులు · నిర్వాహకులు

ఇదే దారిలో ఇంకో మూడు సందర్భాలు. ఫైండ్‌కి లోతు పరిమితి పెట్టి ఉంటే, ఆ లోతు దాటి ఉన్న ఫోల్డర్ విడిగా రాసినది అనవసరం కాదు. కొన్ని పేర్లని దాటేయమని ప్రూన్ పెట్టి ఉంటే, ఉదాహరణకి పాతవి అనే ఫోల్డర్లన్నీ వదిలేయమని రాసి, మళ్ళీ పాతవి లోపలి 1986-వరద మాత్రం జాబితాలో చేర్చి ఉంటే, అది ఎవరో తెలిసి చేర్చిన వరుస. పై నుంచి దిగితే ఫైండ్ అక్కడిదాకా చేరదు. మూడోది అనుమతులు. పై ఫోల్డర్‌ని చదివే హక్కు స్క్రిప్ట్ నడిపే యూజర్‌కి లేకుండా, లోపలి ఫోల్డర్‌కి మాత్రం ఉండొచ్చు. దాటి వెళ్ళే హక్కుంటే లోపలిదాన్ని నేరుగా పేరు పెట్టి పిలవొచ్చు, పై నుంచి వెతికితే కనపడదు.

నా ఉద్దేశం సూటిగా చెప్తాను. ఒక స్కాన్ రెండుసార్లు ఓసీఆర్ అయితే కరెంటు, టైమ్ పోతాయి. ఒక వరుస పొరపాటున లేచిపోతే ఎవరి ఇంటి ఫోటోనో వెతికినవాళ్ళకి ఎప్పటికీ దొరకదు, పైగా పోయిందని కూడా ఎవరికీ తెలియదు. ఈ రెండూ సమానం కావు. అనుమానం ఉన్న ప్రతిచోటా వరుస ఉంచేయండి. డూప్లికేట్లు మిగిలితే ఫైళ్ళ దగ్గర ఆపుకోవచ్చు: గ్నూ ఫైండ్ ప్రతి ఫైల్‌కీ డివైస్ నంబర్, ఐనోడ్ నంబర్ (ఆ డిస్క్ మీద ఆ ఫైల్‌కున్న గుర్తింపు సంఖ్య) ఇవ్వగలదు. ఆ జత ఒకసారి చూసినదైతే ఓసీఆర్‌కి పంపకండి.

సముద్రపుపోటు · ఓడలరేవు

తెలుగు పేర్ల గురించి ఒకటి చెప్పాలనిపించింది, ఎందుకంటే ఇంగ్లీషు పేర్లతో పనిచేసేవాళ్ళ సలహాల్లో ఇది రాదు.

వైనతేయ అనే పేరులో మొదటి అక్షరం చూడండి. ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. 0సి48 అనే ఒక్క గుర్తుగా, లేదా ఎత్వం 0సి46 పెట్టి దాని వెనక 0సి56 పెట్టి రెండు గుర్తులుగా. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, బైట్లు వేరు. మనం మామూలుగా టైప్ చేస్తే మొదటిది వస్తుంది. పాత మాక్ డిస్కులు, అంటే హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫార్మాట్‌వి, ఫైల్ పేర్లని విడగొట్టి రెండో రకంగా దాస్తాయి. అలాంటి డిస్క్ నుంచి లైనక్స్‌కి కాపీ చేస్తే వైనతేయ విడిపోయిన రూపంలోనే వస్తుంది. లైనక్స్ పేర్లని బైట్లుగానే చూస్తుంది కాబట్టి /నిధి/మధ్యడెల్టా/వైనతేయ అని మీరు జాబితాలో రాసినది, డిస్క్ మీద ఉన్నదీ వేరు వేరు. ఒక్కోసారి రెండు వైనతేయ ఫోల్డర్లూ పక్కపక్కనే ఉంటాయి, ఒకదానిలో సగం ఫోటోలు, ఇంకోదానిలో సగం. తెలుగు బ్లాక్‌లో ఇలా విడిపోయే గుర్తు ఈ ఐత్వం ఒక్కటే కాబట్టి వై, కై, పై లాంటి ఐత్వం అక్షరాలున్న పేర్లు చూసుకుంటే చాలు. పైడిపర్రు, కైకరం లాంటివి.

సరిచేయడానికి కన్వ్‌ఎమ్‌వీ అనే టూల్ ఉంది. ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చమంటే పేర్లు కలిపి రాస్తుంది. నోటెస్ట్ అనే ఆప్షన్ ఇచ్చేదాకా ఏమేం మారుస్తుందో చూపిస్తుందే గానీ ముట్టుకోదు, కాబట్టి ధైర్యంగా ముందు చూసుకోవచ్చు. జాబితాని కూడా అదే రూపంలో ఉంచండి.

పొల్లు తర్వాత వచ్చే కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా ఇలాంటిదే. అక్విడక్ట్ అని రాసి చివర అది పడితే కంటికి తేడా లేదు, ఫోల్డర్ పేరు మాత్రం మారిపోతుంది. ఫోన్ కీబోర్డులు కొన్ని దాన్ని తమంతట తామే పెడతాయి.

ఇంకో మాట, ఈ స్క్రిప్ట్‌ని మాక్‌లో పరీక్షించేవాళ్ళుంటే, అందులో వచ్చే బాష్ 3.2. అసోసియేటివ్ అర్రేలు ఉండవు. అక్కడ ఆక్ పద్ధతి గానీ పైథాన్ గానీ వాడాలి.

లంకగాలి · అమలాపురం

సముద్రపుపోటు గారూ, మీకు చాలా థాంక్స్. మా దగ్గర నిజంగానే వైనతేయ ఫోల్డర్లు రెండు ఉన్నాయి. ఎవరో పొరపాటున రెండోది చేశారనుకుని అలాగే వదిలేశాం. ఒక ఫోటోగ్రాఫర్ ఇంటి నుంచి పాత మాక్ డిస్క్ వచ్చింది, అందులోవే అవి. కలిపే ముందు రెండింటినీ బ్యాకప్ తీస్తున్నాం.

అరటితోట · రావులపాలెం

జాబితా ఫైల్‌ని విండోస్ నోట్‌ప్యాడ్‌లో ఎడిట్ చేసేవాళ్ళు ఉన్నారా? ఉంటే వరుస చివర క్యారేజ్ రిటర్న్ పడుతుంది, రియల్‌పాత్ అలాంటి ఫోల్డర్ లేదంటుంది. చదివేటప్పుడే దాన్ని తీసేయండి. ఫైల్‌లో టిల్డే గుర్తు రాస్తే హోమ్ ఫోల్డర్‌గా మారదు, షెల్ ఫైల్లోంచి చదివిన టిల్డేని విప్పదు. స్లాష్‌తో మొదలవని వరుసలు కూడా వద్దనండి. క్రాన్ (చెప్పిన టైమ్‌కి స్క్రిప్ట్‌లు నడిపేది) వేరే ఫోల్డర్ నుంచి నడుపుతుంది, అర్థం మారిపోతుంది.

లంకగాలి · అమలాపురం

అందరూ చెప్పినవి కలిపి రాశాను. ఫోన్‌లో చదివేవాళ్ళ కోసం మాటల్లో పెడుతున్నాను, తేడా ఉంటే చెప్పండి.

జాబితాని ఒక్కో వరుసగా చదువు, వెనక్కి వాలిన స్లాషులు గానీ అంచుల్లో స్పేసులు గానీ పోకుండా.
క్యారేజ్ రిటర్న్ ఉంటే తీసేయి. ఖాళీ వరుస వదిలేయి. స్లాష్‌తో మొదలవకపోతే ఎర్రర్ రాసి వదిలేయి.
రియల్‌పాత్‌తో అసలు చోటు తెలుసుకో. రాకపోతే ఎర్రర్ రాసి వదిలేయి.
అదే చోటు ఇంతకుముందే సెట్‌లో ఉంటే వదిలేయి. లేకపోతే సెట్‌లోనూ, వరుస మారకుండా ఉంచే జాబితాలోనూ చేర్చు.
అన్నీ చదివాక వరుసలో ఒక్కోదాన్ని తీసుకో. చివరి స్లాష్ దగ్గర కత్తిరిస్తూ పైకి ఎక్కు.
సెట్‌లో ఉన్న పై ఫోల్డర్ తగిలి, రెండింటి డివైస్ నంబర్ ఒకటే అయితే, ఇది తీసేయాల్సింది.
పైదాకా ఎక్కినా అలాంటిది తగలకపోతే ఫైండ్‌కి ఇవ్వాల్సింది.

మా స్క్రిప్ట్‌లో లోతు పరిమితి లేదు, ప్రూన్ లేదు. అందుకే ఆ రెండు పరీక్షలూ పెట్టలేదు, ఎందుకు పెట్టలేదో స్క్రిప్ట్ పైన కామెంట్‌లో రాశాను. రేపెవరైనా ప్రూన్ చేరిస్తే చదువుతారని. మోరి, మోరిపోడు, ముమ్మిడివరం-పాతవి, ఐ.పోలవరం, కొత్తజిల్లాలు/కోనసీమ, నగరం, అన్నిటితో ఒక పరీక్ష జాబితా కూడా తయారుచేశాను. అన్నీ సరిగ్గా వచ్చాయి. రాత్రి పని తెల్లారకముందే అయిపోయింది.

కాలువగట్టు · భీమవరం

చూశాను, బాగుంది. ఒక చిన్న చోటు: డివైస్ నంబర్ తేడా వస్తే అక్కడే ఆగి ఉంచేయకుండా ఇంకా పైకి ఎక్కుతున్నారు కదా, అక్కడ ఒక తప్పుంది. దగ్గరి పై ఫోల్డర్ వేరే డిస్క్ మీద ఉన్నా, దానికీ పైనున్నది అదే డిస్క్ కావొచ్చు. కానీ అప్పుడు మధ్యలో ఇంకో డిస్క్ అడ్డం ఉన్నట్టు, ఫైండ్ దాన్ని దాటదు. కాబట్టి ఎక్కే దారిలో ప్రతి మెట్టు దగ్గరా డివైస్ నంబర్ చూడండి. మొదటిసారి మారగానే ఎక్కడం ఆపి వరుస ఉంచేయండి.

లంకగాలి · అమలాపురం

అర్థమైందండి, మెట్టు మెట్టుకీ చూసేలా మార్చేశాను. ధవళేశ్వరం లాకులు మాస్టారు చెప్పినట్టు ఐనోడ్ పరీక్ష కూడా ఓసీఆర్ ముందు పెట్టాను.

అనుమతుల సంగతికి ఏం చేయాలన్నది ఒక్కటే మిగిలింది. ఫైండ్ చదవలేని ఫోల్డర్ తగిలితే ఎర్రర్ ఇస్తుంది కదా, ఆ ఎర్రర్లని విడి ఫైల్‌లోకి పంపితే సరిపోతుందా?

ధవళేశ్వరం లాకులు · నిర్వాహకులు

సరిపోతుంది, దానితో పాటు తీసేసిన వరుసల్ని కూడా లాగ్‌లో రాయించండి: ఏది తీశాం, దేని కిందిదని తీశాం అని. ఎర్రర్ వచ్చిన ఫోల్డరూ, తీసేయడానికి కారణమైన పై ఫోల్డరూ ఒకటే అయితే ఆ వరుసని చేత్తో తిరిగి చేర్చండి. చేర్చిన చోట కారణం కూడా రాయండి, లేకపోతే ఇంకొకరు శుభ్రం చేస్తూ మళ్ళీ తీసేస్తారు.

లంకగాలి · అమలాపురం

లాగ్ పెట్టానండి. తీసేసిన ప్రతి వరుస పక్కనా బాణం గుర్తు వేసి పై ఫోల్డర్ పేరు వస్తోంది. స్కాన్ చేసేవాళ్ళందరికీ రోజూ ఉదయం ఆ లాగ్ వాట్సాప్‌లో పంపుతున్నాం, తమ వరుస పోయిందని టెన్షన్ పడకుండా దేనిలో కలిసిందో వాళ్ళే చూసుకుంటున్నారు. పరీక్ష జాబితా కావాల్సినవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి, పంపుతాను.